లెక్క తక్కువైతే భాష తక్కువా?

మన భాషల సంగతి ఎత్తగానే మూడు ప్రశ్నలు ఎదురొస్తాయి. "అసలు మీరు ఎంతమంది ఉన్నారు?" అనేది మొదటిది. "మీ భాషకు లిపి ఏది?" అనేది రెండోది. "అది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?" అనేది మూడోది. వీటిని అధికారుల నోట విన్నాం, సాటి ఉపాధ్యాయుల నోట విన్నాం. ఇప్పుడు మన పిల్లల నోటే వింటున్నాం. బాధంతా అక్కడే ఉంది. పైవాడు మనల్ని తక్కువ చేస్తే తిరగబడొచ్చు. మనవాడే తన తల్లి మాటను తక్కువ చేసుకుంటే ఎవరి మీద తిరగబడాలి?

ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పడానికి ఒక దూరపు దేశాన్ని సాక్షిగా పిలుస్తున్నాను. ఆ దేశం పేరు స్లొవేనియా.

యూరప్‌లో ఇటలీ, ఆస్ట్రియా, హంగరీ, క్రొయేషియాల మధ్య, ఆల్ప్స్ కొండల అంచున ఉంటుంది. సగానికి పైగా అడవే. విస్తీర్ణం 20,273 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా కంటే కొంచెం పెద్దది. జనాభా సుమారు 21 లక్షలు. ఉమ్మడి ఆదిలాబాద్‌లో 2011 నాటికే 27 లక్షల మంది ఉన్నారు. అంటే మనకు ఒక జిల్లాకు సరిపోని జనం అక్కడ ఒక దేశం. వాళ్ళ భాష స్లొవీన్. బడి ఆ భాషలోనే, విశ్వవిద్యాలయం ఆ భాషలోనే, కోర్టు తీర్పు ఆ భాషలోనే. 2004 మే 1 నుంచి అది యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటి. ప్రపంచంలోనే పెద్దదని పేరున్న ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శనకు 2023లో గౌరవ అతిథి దేశం స్లొవేనియానే.

ఇప్పుడు మన లెక్క చూడండి. 2011 జనగణనలో గోండి తమ మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 29 లక్షల 84 వేల మంది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న స్లొవీన్లందరినీ కలిపినా అంతమంది కారు. అయినా గోండి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. గోండి మాట్లాడే పల్లెల్లో చాలా బడులకు గోండి పాఠమే లేదు. మందిని బట్టే భాషకు విలువ కట్టేటట్లయితే ఈ రెండింటిలో ఏది బడిలో ఉండాలి, ఏది బడి బయట ఉండాలి? కాబట్టి మొదటి ప్రశ్న అడిగేవాళ్ళకు లెక్కతో పనిలేదు. వద్దనడానికి ఒక సాకు కావాలి, లెక్క ఆ సాకు.

"వాళ్ళకు రాజ్యం ఉంది, అందుకే భాష నిలిచింది" అంటారు కొందరు. తేదీలు చూడమనండి. స్లొవేనియా స్వతంత్ర దేశం అయింది 1991 జూన్ 25న. ఆ భాషలో మొదటి అచ్చు పుస్తకం వచ్చింది 1550లో. మధ్యలో 441 ఏళ్ళు. అన్ని తరాలు జర్మన్ మాట్లాడే దొరల కింద, వియన్నా చక్రవర్తుల కింద, ఆ తర్వాత బెల్‌గ్రేడ్ కింద బతికినవాళ్ళు వాళ్ళు. రాజ్యం వచ్చి పుస్తకం రాయించలేదు. పుస్తకాలు చదివిన జనమే చివరికి రాజ్యం తెచ్చుకున్నారు.

పాత సంగతి ఒకటి చెప్తాను. అది మన పెద్దలకు బాగా నచ్చుతుంది. ఇవాళ ఆస్ట్రియాలో ఉన్న కరింథియా ప్రాంతంలో కొత్త పాలకుడు గద్దె ఎక్కాలంటే ముందు ఒక రాయి దగ్గరికి రావాలి. ఆ రాయి మీద ఒక రైతు కూర్చుని ఉండేవాడు. వచ్చినవాడు ఎవరు, న్యాయంగా తీర్పు చెప్తాడా అని ఆ రైతు స్లొవీన్ భాషలో అడిగేవాడు. జవాబు వచ్చాకే రాయి మీది నుంచి లేచేవాడు. ఈ ఆచారం చివరిసారిగా జరిగింది 1414లో. పాలకుడి భాష జర్మన్ అయినా అడిగే హక్కు రైతు భాషకు ఉండేది. ఆ తర్వాత ఆ ఆచారం పోయింది. కచేరీలోనూ పట్నంలోనూ జర్మన్ పెత్తనం పెరిగింది. స్లొవీన్ పొలాలకూ పశువుల కొట్టాలకూ వంటింటికీ మిగిలింది. "మా గూడెం కథలాగే ఉందే" అనిపిస్తే, అవును, కథ అదే.

రాతలో వాళ్ళ అన్నిటికంటే పాత సంపద మూడు చిన్న పాఠాలు. క్రీ.శ. 1000 ప్రాంతంలో, ఒక లాటిన్ గ్రంథం మధ్య రాసినవి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కంటపడ్డాయి. వాటిలో ఉన్నది పాపాలు ఒప్పుకునే ప్రార్థనలు, ఒక మతబోధ. జనం చేత పాపం ఒప్పించాలంటే జనం భాష కావాలి కదా! దొరలకు మన భాష ఎప్పుడు గుర్తొస్తుందో ఆలోచించండి. ఓటు అడగాలంటే గుర్తొస్తుంది, మతం మార్చాలంటే గుర్తొస్తుంది, టీకా గురించి చెప్పాలంటే గుర్తొస్తుంది. చదువు చెప్పాలంటే మాత్రం గుర్తురాదు. అయినా స్లొవీన్లు ఆ పాప ప్రార్థనలను చిన్నచూపు చూడలేదు. ఎవరు ఎందుకు రాయించినా అవి మా మాటలు అని నెత్తిన పెట్టుకున్నారు. ఇవాళ ఆ పుటలు జర్మనీలో మ్యూనిక్ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటి ప్రతి అక్షరాన్నీ వాళ్ళ పండితులు చదివి, అచ్చు వేసి, బడి పిల్లలకు చెప్తున్నారు.

1550లో ఆ మొదటి పుస్తకాలు రాసినవాడు ప్రిమోజ్ త్రుబార్. రాష్చిత్సా అనే పల్లెలో పుట్టిన మామూలు ఇంటి బిడ్డ. మతాధికారుల వేటకు స్వదేశం విడిచి జర్మనీ పారిపోయాడు. అక్కడ కూర్చుని ఒక మతబోధ పుస్తకం, ఒక అక్షరమాల పుస్తకం రాశాడు. తన పేరు పెట్టుకునే వీలులేక మారుపేరుతో అచ్చు వేశాడు. గమనించండి, తొలి రెండు పుస్తకాల్లో ఒకటి అక్షరాలు నేర్పేది. చదివేవాళ్ళు లేని భాషలో పుస్తకం వేస్తూ, చదివేవాళ్ళను కూడా తనే తయారు చేసుకోవాలని అతనికి తెలుసు. ఆ తర్వాత 1584లో యూరి దల్మాటిన్ బైబిల్ మొత్తాన్ని స్లొవీన్‌లో తెచ్చాడు. అదే ఏడు ఆదమ్ బొహొరిచ్ అనే బడిపంతులు ఆ భాషకు మొదటి వ్యాకరణం రాశాడు. ఒక్క మనిషి మొదలుపెట్టాక 34 ఏళ్ళలో అక్షరమాల, బైబిల్, వ్యాకరణం మూడూ వచ్చేశాయి. 

రెండో ప్రశ్న లిపి. "లిపి లేని భాష" అని మనల్ని అంటుంటే తల వంచుకుంటాం. స్లొవీన్లకు సొంత లిపి ఉందా? లేదు. వాళ్ళది రోమన్ లిపి, అరువు తెచ్చుకున్నది. త్రుబార్ తొలి పుస్తకాలు జర్మన్లు వాడే గోతిక్ అక్షరాల్లో వచ్చాయి. 1555 నుంచి మామూలు లాటిన్ అక్షరాలకు మారాడు. బొహొరిచ్ పద్ధతి రెండు వందల ఏళ్ళకు పైగా నడిచింది. 1820లలో దాయిన్‌కో అనే ఆయన ఒక కొత్త అక్షరమాల తెచ్చాడు, మెతెల్‌కో ఇంకొకటి తెచ్చాడు. ఏది వాడాలని 1830లలో పెద్ద తగువు. చరిత్రలో దానికి 'అక్షరాల వ్యాజ్యం' అనే పేరే ఉంది. చివరికి క్రొయేషియా వైపు నుంచి వచ్చిన, అక్షరాల మీద చిన్న గుర్తులు పెట్టే పద్ధతి స్థిరపడింది. ఇవాళ్టి 25 అక్షరాల స్లొవీన్ అదే.

ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. లిపి తగువు నడుస్తున్న ఆ ఏళ్ళలోనే వాళ్ళ మహాకవి ఫ్రాన్స్ ప్రెషెరెన్ తన గొప్ప కవితలు రాశాడు. తగువు తేలాక రాద్దామని కలం కింద పెట్టలేదు. మన సంగతి చూడండి. గోండికి 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసారాం ఒక లిపి చేశారు. మన ఆదిలాబాద్ గుంజాల గ్రామంలో పాత చేతిరాత ప్రతులతో మరో లిపి బయటపడింది. రెండూ యూనికోడ్‌లోకి ఎక్కాయి, మసారాం లిపి 2017లో, గుంజాల లిపి 2018లో. ఇవి కాక తెలుగు లిపిలో రాసేవాళ్ళు, నాగరిలో రాసేవాళ్ళు ఉన్నారు. సవరకు 1936లో మంగెయి గొమాంగో చేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి ఉంది. సొంత లిపి గర్వకారణమే, ఎవరూ కాదనరు. కానీ ఏ లిపి అన్న వాదంలో పదేళ్ళు గడిపి, ఏ లిపిలోనూ పది పుటలు రాయకపోతే ఆ గర్వం దేనికి? మీకు వచ్చిన లిపిలో రాయండి. లిపి మార్చుకోవచ్చు, వాళ్ళు ఎన్నోసార్లు మార్చుకున్నారు. రాయని పాట ఒక ముసలవ్వతో పాటు మట్టిలో కలిసిపోయాక ఏ లిపీ దాన్ని తిరిగి తేలేదు.

"మా దగ్గర ఊరూరికీ యాస మారుతుంది, పుస్తకం ఏ యాసలో రాయాలి?" అని మనవాళ్ళే అడుగుతారు. స్లొవీన్‌లో 40కి పైగా మాండలికాలు ఉన్నాయి. ఈ కొసవాడి మాట ఆ కొసవాడికి అర్థం కావడం కష్టం. త్రుబార్ ఎక్కువమందికి తెలుస్తుందనుకున్న మాటను ఎంచుకుని రాసేశాడు. తూర్పున హంగరీ ఏలుబడిలో ఉన్న ప్రెక్‌ముర్యె వాళ్ళకు అది పొసగలేదు. స్టెవాన్ క్యూజ్మిచ్ 1771లో వాళ్ళ మాటలోనే కొత్త నిబంధన అచ్చు వేశాడు. రెండూ బతికాయి, రెండూ ఇవాళ స్లొవీన్ సంపదే. 1858లో ఫ్రాన్ లెవ్‌స్టిక్ అనే రచయిత, మంచి స్లొవీన్ కావాలంటే పల్లె రైతు నోటి దగ్గరికి వెళ్ళాలని గట్టిగా వాదించాడు. అదే ఏడు ఒక పల్లె బలశాలి కథ 'మార్టిన్ క్ర్పాన్' రాసి చూపించాడు. ఉట్నూరు గోండి, భామ్రాగఢ్ గోండి ఒకటి కాకపోతే రెండు పుస్తకాలు వేద్దాం. రెండు పుస్తకాలున్న భాష, అసలు పుస్తకమే లేని భాష కంటే పేదది కాదు కదా.

ఇంకో వాదన మెత్తగా వస్తుంది కాబట్టి మరీ ప్రమాదం. "చిన్న భాషను పట్టుకుని వేలాడటం ఎందుకు? పక్కనున్న పెద్ద భాషలో కలిసిపోతే అందరికీ మేలు" అంటారు. 1830లలో స్లొవీన్లకూ ఇదే చెప్పారు. దక్షిణ స్లావ్ జనమంతా ఒకే సాహిత్య భాషకు రావాలని క్రొయేషియా వైపు ఒక ఉద్యమం వచ్చింది. స్లొవీన్ కవి స్టాంకో వ్రాజ్ దాని మాట విని ఆ భాషలోకే వెళ్ళిపోయాడు. ప్రెషెరెన్ వెళ్ళలేదు. ఆయనకు జర్మన్ బాగా వచ్చు, జర్మన్‌లో కవితలు కూడా రాశాడు. పెద్ద భాష మీద ఆయనకు పగ లేదు. పెద్ద భాష నేర్చుకోవడం వేరు, దానికోసం సొంత భాషను వదులుకోవడం వేరు అని ఆయనకు తెలుసు, అంతే. మనం తెలుగు నేర్చుకుందాం, ఇంగ్లీషు నేర్చుకుందాం. ఈ వ్యాసం తెలుగులోనే ఉంది. స్లొవీన్ తొలి వ్యాకరణం కూడా లాటిన్‌లో ఉంది, 1808లో కొపిటార్ రాసిన వ్యాకరణం జర్మన్‌లో ఉంది. పెద్ద భాష మనకు నిచ్చెన అయితే మంచిదే. మన ఇల్లు కూల్చి దాని వాసాలతో ఆ నిచ్చెన చేస్తామంటేనే ఒప్పుకోం.

తెలుగువాళ్ళకు ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇంగ్లీషు మీడియం వల్ల తెలుగు చచ్చిపోతోందని సభలు పెట్టి కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఆ కన్నీళ్ళు నిజమే కావచ్చు. మరి గూడెంలో బిడ్డ కోయలోనో కొలామీలోనో కువిలోనో జవాబు చెబితే నవ్వే తెలుగు పంతులు ఆ సభలో ఏ వరుసలో కూర్చుంటాడు? వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆయన పేరుతో దండలు వేసేవాళ్ళు ఆయన చేసిన ఆ సగం పనిని ఎందుకు మరిచిపోయారు?

ఇక మూడో ప్రశ్న, ఉద్యోగం. ఇక్కడ తీపి మాటలు చెప్పను. ప్రెషెరెన్‌కు స్లొవీన్ కవిత్వం కూడు పెట్టలేదు. లా చదివినవాడు, స్వతంత్రంగా వకీలు పని చేసుకోవడానికి అనుమతి అడిగితే మాటిమాటికీ కాదన్నారు. 1846లో గానీ ఇవ్వలేదు, 1849లో పోయాడు. సెన్సారు ఒప్పుకోనందున ఒక కవితను తన పుస్తకంలోంచి తీసేయాల్సి వచ్చింది. ఆ కవితలోని ఒక చరణమే ఇవాళ స్లొవేనియా జాతీయ గీతం. ఆయన చనిపోయిన ఫిబ్రవరి 8 దేశమంతటికీ సెలవు. వాళ్ళ రెండు యూరోల నాణెం మీద ఆయన బొమ్మ, ఒక యూరో నాణెం మీద త్రుబార్ బొమ్మ. రాజులను కాదని రాసినవాళ్ళను డబ్బు మీద వేసుకున్న జాతి అది.

కానీ ఒక కవి కష్టంతోనే ఉద్యోగాలు రాలేదు. భాషలో ఉద్యోగం పుట్టాలంటే ఆ భాష బడిలో, కచేరీలో ఉండాలి. దానికోసం కొట్లాడారు. 1848లోనే స్లొవీన్లు ఉండే ప్రాంతాలన్నీ ఒకటి కావాలని, బడిలోనూ కార్యాలయంలోనూ తమ భాష ఉండాలని కోరారు. 1895లో త్సెల్యె పట్టణంలోని ఉన్నత పాఠశాలలో స్లొవీన్ మాధ్యమం తరగతులు పెట్టాలా వద్దా అన్న గొడవ మీద వియన్నాలో ఆస్ట్రియా ప్రభుత్వమే కూలిపోయింది. ఒక చిన్న పట్నం, ఒక బడి, కొన్ని తరగతులు. అంత పెద్ద సామ్రాజ్యం ప్రభుత్వం అక్కడ పడిపోయింది! 1919లో లుబ్లియానా విశ్వవిద్యాలయం వచ్చాక ఆ భాషలో పంతుళ్ళు, వకీళ్ళు, డాక్టర్లు తయారయ్యారు. భాష ఉద్యోగం ఇవ్వదని చెప్పేవాళ్ళే దాన్ని ఉద్యోగం దగ్గరికి రానివ్వరు. మనం అడగాల్సింది ఆ తలుపు గురించి.

పుస్తకాలకు డబ్బు ఎక్కడిది? 1851లో బిషప్ స్లొమ్‌షెక్ చొరవతో మొహొర్ సంఘం పుట్టింది. సభ్యుడు ఏడాదికి కొంచెం చందా కడితే ఇంటికి కొన్ని పుస్తకాలు వచ్చేవి. పంచాంగం, ప్రార్థనలు, కథలు, సేద్యం సలహాలు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు సభ్యుల సంఖ్య 80 వేలు దాటింది. ఎక్కువమంది రైతులు. పాలు, గడ్డి అమ్ముకునేవాళ్ళు తమ భాషలో పుస్తకానికి డబ్బు పెట్టారు. మన పండుగకు, పెళ్ళికి డీజే పెట్టడానికి ఎంత ఖర్చవుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

"వాళ్ళది యూరప్, చర్చి అండ ఉంది, అచ్చు యంత్రం ఉంది" అని ఎవరైనా అనొచ్చు. నిజమే, కొంత అండ ఉంది. ఆ చర్చి పెద్దే 1600, 1601 ప్రాంతంలో లుబ్లియానాలో స్లొవీన్ ప్రొటెస్టెంట్ పుస్తకాలను కుప్పపోసి కాల్పించాడు కూడా. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత స్లొవీన్ల పడమటి భాగం ఇటలీ కిందికి పోయింది. 1920 జూలై 13న త్రియెస్తెలో స్లొవీన్ల సంస్కృతి భవనాన్ని ఫాసిస్టులు తగలబెట్టారు. 1923 తర్వాత స్లొవీన్ బడులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు ఇటాలియన్‌లోకి మార్చారు. 1936 డిసెంబర్‌లో లోయ్‌జె బ్రతూజ్ అనే పాటల గురువు చేత ఇంజన్ ఆయిల్ తాగించారు. చర్చిలో స్లొవీన్ పాటలు పాడించడమే అతని నేరం. 1937 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆ భవనం కాలుతుంటే ఆరేళ్ళ వయసులో చూసిన బోరిస్ పహోర్ పెద్ద రచయిత అయ్యాడు, 108 ఏళ్ళు బతికాడు, చివరిదాకా స్లొవీన్‌లోనే రాశాడు. 2020 జూలై 13న, సరిగ్గా వందేళ్ళకు, ఆ భవనాన్ని స్లొవీన్లకు తిరిగి ఇచ్చే పత్రం మీద సంతకాలు జరిగాయి. ఆస్ట్రియాలో మిగిలిన స్లొవీన్లకు 1955 ఒడంబడికలో రెండు భాషల ఊరి బోర్డులు ఇస్తామన్నారు. 1972లో పెట్టిన బోర్డులను మూకలు పీకేశాయి. 164 ఊళ్ళకు బోర్డులని 2011లో గానీ తేలలేదు. ఒక ఊరి బోర్డు కోసం 56 ఏళ్ళు. ఇంత నలిగినవాళ్ళను పట్టుకుని "వాళ్ళకు అన్నీ అమరాయి" అనకండి.

స్లొవీన్లు దేవుళ్ళేమీ కారు. సొంత రాజ్యం వచ్చిన ఏడాదిలోపే, 1992 ఫిబ్రవరి 26న, అక్కడే ఏళ్ళ తరబడి ఉంటున్న 25 వేలకు పైగా మందిని శాశ్వత నివాసుల జాబితా నుంచి చెరిపేశారు. చాలామంది యుగోస్లావియాలోని ఇతర ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు. యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2012లో దాన్ని తప్పుపట్టింది. ఇదీ మనం గుర్తుపెట్టుకోవాలి. రేపు గోండి గెలిస్తే కొలామీ బిడ్డను చూసి నవ్వే గోండు పంతులు పుట్టకూడదు. కోయ గెలిస్తే కొండరెడ్డి మాట చిన్నది కాకూడదు.

మరి మనం ఏం చేద్దాం? రాజ్యాంగంలోని 350ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే సౌకర్యాలు కల్పించమంటోంది. దాన్ని పట్టుకుని ప్రతి గ్రామసభలో తీర్మానం చేయించి పైకి పంపుదాం. పైనుంచి జవాబు వచ్చేదాకా మాత్రం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. త్రుబార్ కూర్చోలేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ వేసవి సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క నోటుబుక్కు నింపండి. మీ ఊరి చెట్ల పేర్లు, చేపల పేర్లు, పెళ్ళి పాటలు, అవ్వ చెప్పే కథలు. మీ భాషలో, మీకు వచ్చిన లిపిలో. తరగతిలో బిడ్డ తన భాషలో జవాబు చెబితే ముందు ఆ జవాబు బోర్డు మీద రాయండి, తర్వాత తెలుగు మాట చెప్పండి. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీ జేబులో ఉన్న ఫోను త్రుబార్ దగ్గర లేని అచ్చు యంత్రం. దానిలో మీ భాషలో కనీసం ఒక్క మెసేజైనా రోజూ రాయండి. ఇంటికి ఒక కోడి ఖరీదు వేసుకుంటే ఏడాదికి మండలానికొక పుస్తకం అచ్చవుతుంది. మొదటి పుస్తకం వందమందే చదవొచ్చు. రెండోది రాయాల్సింది ఆ వందమందే.